ఒక అడుగుకు సరిపడే వెలుగు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో, నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పూర్వ విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)

 

ఆదివారం పొద్దున సభలో విశ్వాసం గురించి కాసేపు మాట్లాడమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, నేను బోధకురాలిని కాదని చెప్పాను. 34 ఏళ్లు ఆసుపత్రి వార్డుల్లో తిరిగినదాన్ని. "వార్డులో మీకు పనికొచ్చిన విశ్వాసం ఏదైనా ఉంటే అదే చెప్పండి" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది, అందుకే ఒప్పుకున్నాను.

ఈ హాల్లో అన్ని మతాల వాళ్లం ఉన్నాం. మన బడిలో పొద్దున్నే గంట కొడితే అందరం ఒకే వరసలో నిలబడేవాళ్లం. ఆ తర్వాత కొందరం బైబిలు క్లాసుకు, మిగిలినవాళ్లు నీతిబోధ క్లాసుకు వెళ్లేవాళ్లం. మధ్యాహ్నం మళ్లీ ఒకే చెట్టు కింద క్యారియర్లు విప్పుకునేవాళ్లం. ఇవాళ కూడా ఆ చెట్టు కింద కూర్చున్నట్టే వినండి. ఎవరినీ ఒప్పించాలని రాలేదు. నేను నమ్మినది నాకు రోజువారీ బతుకులో ఎలా దారి చూపించిందో మాత్రం చెబుతాను.

మా క్రైస్తవుల ఇళ్లలో తరచుగా వినబడే మాట ఒకటుంది: నడిపింపు. "అమ్మాయి సంబంధం విషయంలో ప్రభువు నడిపింపు కోసం కనిపెడుతున్నాం" అంటాం. కనిపెట్టడం అంటే ఇక్కడ ఎదురుచూడటం. ఉద్యోగం మారాలా, స్థలం కొనాలా, పిల్లవాణ్ని విదేశాలకు పంపాలా, ఆపరేషన్ చేయించాలా, అన్నిటికీ నడిపింపు అడుగుతాం. అడగడం మంచిదే. ఎలాంటి జవాబు కోసం చూస్తున్నామన్నదే ప్రశ్న.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో చాలా సంఘాల్లో వాగ్దాన కార్డులు ఇస్తారు. పళ్లెంలోంచి ఒక కార్డు తీసుకుంటే అందులో ఒక వచనం ఉంటుంది. నేనూ ప్రతి ఏడూ తీసుకుంటాను, బైబిల్లో దాచుకుంటాను. అది ఏడాది పొడుగునా ధైర్యం ఇస్తుంది, కాదనను. కానీ కొందరు ఆ కార్డునే ఏడాదికి సరిపడా జాతకంలా చదువుతారు. ఇంకొందరు కళ్లు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పడిన చోట ఏముంటే అదే దేవుడి ఆజ్ఞ అనుకుంటారు. ఇంకా కొందరు ప్రవచనం చెప్పేవాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్లు చెప్పిందే తిరుగులేనిదంటారు. ఈ మూడింటిలోనూ మనం కోరేది ఒకటే: ముందు ఏం జరుగుతుందో ఇప్పుడే తెలిసిపోవాలి, నిర్ణయం బరువు మన భుజాల మీద నుంచి దిగిపోవాలి.

బైబిలు అలాంటి మాట ఇవ్వదని నేను అర్థం చేసుకున్నాను. కీర్తనల గ్రంథంలో 119వ కీర్తన అన్నిటికంటే పెద్దది, 176 వచనాలు. దాన్ని రాసిన భక్తుడు దేవుని వాక్యాన్ని పాదాల ముందుండే దీపంతో పోలుస్తాడు. ఆ కాలపు దీపం అంటే అరచేతిలో పట్టే మట్టి ప్రమిద, కాస్త నూనె, ఒక వత్తి. దాని వెలుగు ఎంత దూరం పడుతుంది? ఒక అడుగు, మహా అయితే రెండు. కరెంటు లేని రోజుల్లో లాంతరు పట్టుకుని పొలం గట్టు మీద నడిచినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఊరు ఎంత దూరంలో ఉందో లాంతరు చూపించదు. గట్టు ఎక్కడ తెగిందో చూపిస్తుంది. అడుగు వేస్తేనే తర్వాతి అడుగు కనబడుతుంది. నిలబడి ఉంటే వెలుగు కూడా మనతోపాటు అక్కడే ఉంటుంది. నేను చెప్పదలచుకున్నది ఇంతే. దేవుడి నడిపింపు సాధారణంగా ఒక అడుగుకు సరిపడా వస్తుంది. ఆ అడుగు చాలాసార్లు పక్కన ఉన్న మనిషి వైపే ఉంటుంది.

బైబిల్లో నెహెమ్యా అనే ఆయన ఉన్నాడు. పారసీక రాజుగారికి ద్రాక్షారసం అందించే ఉద్యోగి. తన పూర్వీకుల పట్టణం యెరూషలేము గోడలు కూలిపోయి, గుమ్మాలు కాలిపోయి ఉన్నాయని తెలిసి ఏడ్చాడు, ఉపవాసం ఉండి ప్రార్థించాడు. కబురు విన్నది కిస్లేవు మాసంలో. రాజుగారు "ఎందుకలా దిగులుగా ఉన్నావు, నీకేం కావాలి" అని అడిగింది నీసాను మాసంలో. అంటే సుమారు నాలుగు నెలలు ఆకాశం నుంచి ఏ జవాబూ లేదు. ఆయన రోజూ డ్యూటీకి వెళుతూనే ఉన్నాడు. రాజు అడిగిన ప్రశ్నకూ తను చెప్పిన జవాబుకూ మధ్యలో నెహెమ్యా దేవునికి ప్రార్థన చేశాడని ఆ గ్రంథం చెబుతుంది. ఎంతసేపు చేసి ఉంటాడు? రాజు ఎదుట నిలబడి ఉన్నాడు, మహా అయితే ఒక్క ఊపిరి తీసుకునేంతసేపు. ఆ వెంటనే సెలవు అడిగాడు, దారిలో అధికారులకు చూపించడానికి ఉత్తరాలు అడిగాడు, గుమ్మాలకు కలప అడిగాడు. నాలుగు నెలల ప్రార్థన ఆయన్ని పని లెక్కలు తెలిసిన మనిషిగా చేసింది.

నైట్ డ్యూటీలో నాకు బాగా ఉపయోగపడింది ఈ నెహెమ్యా ప్రార్థనే. ఒక మంచం దగ్గర నుంచి ఇంకో మంచం దగ్గరికి నడిచే ఆ నాలుగు అడుగుల్లో, "ప్రభువా, ఈ మనిషికి ఇప్పుడు ఏం కావాలో చూసే కళ్లివ్వు" అని అడిగేదాన్ని. జవాబు ఎప్పుడూ చెవిలో వినబడలేదు. కానీ అలా అడిగిన రాత్రి చేతులు తొందరపడేవి కావు. సెలైన్ మార్చి వెళ్లిపోకుండా, మంచం పక్కన కింద చాప మీద పడుకున్న ఆ ఇంటి మనిషి అన్నం తిన్నదో లేదో అడగాలనిపించేది. నాకు తెలిసిన నడిపింపు అదే.

ఇక్కడ ఒక నర్సుగా గట్టిగా చెప్పాల్సిన మాట ఉంది. ప్రార్థన చేయించుకున్నాం, ఇక మాత్రలు అక్కర్లేదని షుగరు మందు ఆపేసినవాళ్లను చూశాను. ఆర్నెల్లు వాడాల్సిన టీబీ మందు, దగ్గు తగ్గింది, దేవుడు ముట్టాడు అని రెండో నెలలో మానేసి, మళ్లీ ముదిరిన జబ్బుతో వచ్చినవాళ్లకు సేవ చేశాను. మందు ఆపమని చెప్పిన "నడిపింపు"కు ఖరీదు కట్టింది చెప్పినవాళ్లు కాదు, ఆ ఇంట్లో పిల్లలు. అపొస్తలుడైన పౌలుతో తిరిగిన లూకా వైద్యుడని పౌలే రాశాడు. ప్రార్థనా మందూ ఒకే దేవుడి చేతిలోవని నమ్మేవాళ్లం మనం.

మూసుకున్న తలుపు కూడా నడిపింపేనని పౌలు ప్రయాణాల్లో కనబడుతుంది. అపొస్తలుల కార్యాలు 16వ అధ్యాయం చూడండి. ఆసియ ప్రాంతంలో బోధించబోతే ఆత్మ వద్దన్నాడు. బితూనియకు వెళ్లబోతే అదీ కుదరలేదు. త్రోయ రేవులో ఆగిపోయాక రాత్రి దర్శనంలో మాసిదోనియ మనిషి ఒకడు సాయానికి రమ్మని పిలిచాడు. సముద్రం దాటి ఫిలిప్పీకి చేరితే అక్కడ మొదట దొరికింది ఏటి ఒడ్డున ప్రార్థనకు చేరిన కొందరు స్త్రీలు. వాళ్లలో ఊదారంగు బట్టల వ్యాపారం చేసే లూదియ ఒకామె. దర్శనంలో కనబడింది పురుషుడు, ఎదురొచ్చింది ఒక వ్యాపారస్తురాలు. "దర్శనంలో చూసిన మనిషి ఇతను కాదే" అని పౌలు వెనక్కి తిరగలేదు. కూర్చుని మాట్లాడాడు.

ఇది పాత రోజుల సంగతి అనుకుంటే, గుంటూరులో జరిగింది చూడండి. డాక్టర్ అన్నా సారా కుగ్లర్ అమెరికాలో వైద్యం చదివి 1883లో గుంటూరుకు వచ్చారు. ఆమెకు వైద్యం చేయాలని ఉంది, కానీ పంపిన లూథరన్ మిషను అప్పటికి వైద్య సేవకు సిద్ధంగా లేదు. బడి పని, ఇళ్లకు వెళ్లి ఘోషా స్త్రీలకు చదువు చెప్పే పని అప్పగించారు. ఆమె ఆ పని చేస్తూనే, తెచ్చుకున్న మందులతో దగ్గరికి వచ్చినవాళ్లకు వైద్యం చేశారు. 1885లో వైద్య సేవకురాలిగా నియమించారు. 1898లో ఆసుపత్రి తెరుచుకుంది. వచ్చిన రోజు నుంచి ఆసుపత్రి దాకా 15 ఏళ్లు. ఆమె చివరిదాకా గుంటూరులోనే ఉండి 1930లో కన్నుమూశారు. ఈ జిల్లాల్లో పుట్టిన మనలో ఎంతమంది అమ్మమ్మలు, నాయనమ్మలు ఆ ఆసుపత్రిలో కాన్పు పోసుకున్నారో లెక్క లేదు. తలుపు తెరుచుకునేదాకా కుగ్లర్‌గారు చేతిలో ఉన్న పనిని చిన్నచూపు చూడలేదు.

నడిపింపు ఒక్కోసారి "ఇది చెయ్యకు" అని కూడా చెబుతుంది. 1876-78 కరవు కాలంలో ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉన్నారు. వయసులో ఉన్నప్పుడు ఆయన సర్వే పని చేసినవాడు. ఆ పనితనంతోనే బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, తిండి లేని వేలమందికి కూలి దొరికేలా చేశారు. బాప్తిస్మం ఇమ్మని ఎంతోమంది అడిగినా, కరవు సాయం నడుస్తున్నంతకాలం ఇవ్వలేదు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని, అన్నానికీ విశ్వాసానికీ ముడి పడకూడదని. సాయం పనులు ముగిశాకే మొదలుపెట్టారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన ఊళ్ల చరిత్రలో ఆ సంఖ్యనే అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ సంఖ్య కంటే, దానికి ముందు ఆయన ఆగిన నెలలే ఎక్కువ నేర్పాయి. ఆకలితో ఉన్నవాడి మీద మనకున్న పట్టును వాడుకోకపోవడం కూడా దేవునికి లోబడటమే.

ఇప్పుడు మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. మావాళ్లను అడిగి, వాళ్లు సరేనన్నాకే చెబుతున్నాను.

మా అమ్మ పోయాక ఒక పెంకుటిల్లు, కొంచెం పొలం మిగిలాయి. అన్నయ్య, నేను, తమ్ముడు, ముగ్గురం. అమ్మ చివరి ఆరేళ్లు మంచంలోనే ఉంది. తమ్ముడి భార్య ఆమెను పసిబిడ్డలా చూసుకుంది. వీలునామా లేదు. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం కొడుకులకూ కూతుళ్లకూ సమాన వాటా. అన్నయ్య అదే అడిగాడు. ఆయన అడిగినదాంట్లో అన్యాయం లేదు. తమ్ముడేమో, "ఇల్లు అమ్మితే మేమెక్కడికి పోవాలక్కా" అన్నాడు. ఆ ఏడాదే మా అమ్మాయి కాలేజీలో చేరాలి. నా వాటా డబ్బు వస్తే ఫీజుకు సరిపోతుందని ఇంట్లో అప్పటికే లెక్క వేసుకుని ఉన్నాం.

"ప్రభువా, ఎవరిది న్యాయమో చెప్పు" అని ప్రార్థించాను. రోజూ వరసగా చదువుకునే అలవాటు ప్రకారం అప్పుడు లూకా సువార్త చదువుతున్నాను. 12వ అధ్యాయం వచ్చింది. గుంపులోంచి ఒకతను, ఆస్తి పంచమని మా అన్నకు చెప్పండి అని యేసును అడుగుతాడు. యేసు పంపకం చెయ్యడు. తనను ఎవరూ తీర్పరిగా పెట్టలేదంటాడు. ఆపైన అందరివైపూ తిరిగి, లోభం దగ్గర జాగ్రత్తగా ఉండమంటాడు. ఎన్నోసార్లు చదివిన భాగమే. ఆ రోజు మాత్రం నా ప్రశ్న మారిపోయింది. ఎవరిది న్యాయం అన్న ప్రశ్న పక్కకు పోయి, నా చేతిలో ఉన్నదాంతో నేనేం చెయ్యగలను అన్నది మిగిలింది. అన్నయ్య వాటా మీద నాకు అధికారం లేదు. నా వాటా మీద ఉంది.

అయినా ఆ పూటే నిర్ణయం చెప్పలేదు. ముందు ఆయనతో మాట్లాడాను, అమ్మాయితో మాట్లాడాను, ఎందుకంటే ఖర్చు వాళ్లది కూడా. ఆయన రెండు రోజులు ఏమీ అనలేదు. అమ్మాయే, "అమ్మమ్మ దగ్గర సెలవులన్నీ గడిపింది నేనే కదమ్మా, అత్తయ్య ఏం చేసిందో నాకు తెలుసు, లోన్ తీసుకుందాం" అంది. మా పాత పాస్టరుగారిని అడిగాను. మన బడిలోనే నాతో చదివి, పంతులమ్మగా చేసిన స్నేహితురాలిని కూడా అడిగాను. ఆమె హిందువు, పూజ చేయనిదే కాఫీ తాగదు. "లెక్క కాగితం మీద వేసేముందు, అమ్మకు అర్ధరాత్రి నీళ్లు ఎవరు పట్టారో ఆ లెక్క వెయ్యవే" అంది. దేవుడు ఆమె నోటితో కూడా నాతో మాట్లాడాడని నేను నమ్ముతాను.

నా వాటాను మరదలి పేర రాసి రిజిస్టరు చేయించాను. అన్నయ్య తన వాటా తీసుకున్నాడు. పొలం అమ్మి ఆయనకు ఇచ్చారు, ఇల్లు నిలిచింది. కథ అంతా చక్కబడిందని చెప్పను. అన్నదమ్ములిద్దరి మధ్య మాటలు ఇంకా పొడిపొడిగానే ఉన్నాయి. అమ్మాయి చదువు లోన్ ఏడేళ్లు కట్టాం. కానీ క్రిస్మస్‌కు ముగ్గురం వెళ్లడానికి ఒక ఇల్లుంది. ఒక అడుగుకు వెలుగు దొరికింది, ఆ అడుగు వేశాం. మిగతా దారి ఇంకా నడవాల్సే ఉంది.

ఇన్నేళ్లలో నాకు కుదిరిన కొలతలు మూడు చెబుతాను. మనసులో ఒక ఆలోచన వచ్చి, ఇది దేవుడిచ్చిందే అనిపించినప్పుడు నేను ఇవి అడుగుతాను.

మొదటిది, దీని ఖరీదు ఎవరు కడతారు? నేను కట్టాల్సి వస్తే కాస్త నమ్మవచ్చు. నాకు లాభం, వేరొకరికి నష్టం అయితే అది నా కోరికే, దేవుడి పేరు పెట్టుకుని వచ్చింది.

రెండోది, దీన్ని ఒక పెద్దమనిషి ముందు పైకి చెప్పగలనా? చెప్పడానికి నోరు రాకపోతే ఆగుతాను.

మూడోది, ఇది తెల్లారేదాకా ఆగగలదా? భయం తొందరపెడుతుంది, కోపం తొందరపెడుతుంది. దేవుని ఆత్మ ఫలమని పౌలు గలతీయులకు రాసిన తొమ్మిది గుణాల్లో శాంతి ఉంది, దీర్ఘశాంతం కూడా ఉంది. ప్రాణం మీదికి వచ్చిన వేళ తప్ప, మిగిలినవన్నీ ఒక రాత్రి ఆగగలవు.

ఇక రోజూ చేసేవి. ఇవి మీకు కొత్త కాదు. పొద్దున ఒక అధ్యాయం వరసగా చదవడం, నచ్చినవి మాత్రమే ఏరుకోకుండా. వరసగా చదివితేనే మనం అడగని ప్రశ్నకు కూడా జవాబు ఎదురవుతుంది. పనిలో ఉన్నప్పుడు ఒక్క ఊపిరి ప్రార్థన. రాత్రి పడుకోబోయే ముందు ఇవాళ ఎవరి ముఖం మర్చిపోయానని ఒకసారి చూసుకోవడం. వారానికోసారి సంఘంతో కలిసి కూర్చోవడం, ఎందుకంటే ఒంటరిగా ఉన్నప్పుడు మన గొంతునే దేవుని గొంతనుకునే ప్రమాదం ఎక్కువ. ఇందులో అద్భుతం ఏదీ లేదు. దీపంలో రోజూ నూనె పోయడం లాంటిదే. చీకటి పడ్డాక నూనె కోసం వెతికితే కష్టం.

ఇక్కడ కూర్చున్న ఉపాధ్యాయులకు ఒక మాట. మన బడి వదిలి వెళ్లిన పిల్లలు జీవితంలో ఏం చెయ్యాలో మీకు చెప్పడం సాధ్యం కాదు, మీరు చెప్పలేదు కూడా. హోమ్‌వర్కు చెప్పారు, బల్ల తుడవమన్నారు, పక్కవాడికి పెన్సిలు ఇవ్వమన్నారు. అప్పటికి అవి చిన్న పనులుగానే కనబడ్డాయి. ఆసుపత్రిలో పనిలో చేరాక తెలిసింది, నాకు దారి చూపిన మొదటి దీపాలు అవేనని. ఇప్పుడు కూడా ఏదో ఒక పిల్ల, ఇంట్లో చెప్పుకోలేని ప్రశ్నతో మీ ముందు బెంచీ మీద కూర్చుని ఉంటుంది. ఆ పిల్ల జీవితమంతటికీ జవాబు చెప్పాలని మీరు కంగారు పడక్కర్లేదు. రేపటికి ఒక అడుగు చూపించండి, చాలు.

ఈ మధ్యాహ్నం భోజనాలయ్యాక మనం మళ్లీ ఎవరి ఊళ్లకు వాళ్లం బయల్దేరుతాం. వెళ్లేముందు, చాలా ఏళ్లుగా మాట్లాడని బడి స్నేహితులు ఎవరైనా ఈ హాల్లో ఉంటే, వాళ్ల దగ్గరికి వెళ్లి ఒకసారి పలకరించండి. ఇవాళ్టికి అదే మీ అడుగు కావచ్చు.